320 మైక్రోసెకన్ల గడువు: కమోడోర్ 64కు నేను తయారు చేసుకున్న మిడి ఇంటర్‌ఫేస్

నా బల్ల మీద ఎడమవైపు ఒక పాత కమోడోర్ 64 కంప్యూటరు, కుడివైపు ఒక మిడి కీబోర్డు చాలా కాలం పక్కపక్కనే ఉన్నా, వాటి మధ్య మాటల్లేవు. మిడి అంటే వాద్యాలూ కంప్యూటర్లూ తీగ ద్వారా స్వరాల సందేశాలు పంపుకునే పద్ధతి. 1982లో వచ్చిన ఆ కంప్యూటరులో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అనే ధ్వని చిప్ ఉంది. మూడు గొంతులు, ప్రతి గొంతుకూ స్వరం పుట్టి పెరిగి అణగే తీరును విడిగా నిర్ణయించే ఏర్పాటు, మూడింటికీ కలిపి ఒక ఫిల్టరు ఉన్న ఈ చిప్‌ను వాద్యం అనడానికి నాకేమీ సంకోచం లేదు. అయితే ఆ వాద్యానికి మీటలు టైపు చేసుకునేవే తప్ప వాయించేవి కావు. మిడి ప్రమాణం 1983లో వెలువడింది కనుక అంతకు ముందే తయారైన ఈ యంత్రానికి మిడి సాకెట్టు ఉండే అవకాశమే లేదు. ఆ రోజుల్లో కొన్ని సంస్థలు వెనుక ఉన్న కార్ట్రిడ్జ్ సందులో గుచ్చుకునే మిడి కార్డులు అమ్మాయి. అవి ఇప్పుడు దొరకడం కష్టం. వాటి లోపల ఉన్నది నాలుగైదు మామూలు చిప్‌లేనని తెలిశాక, వెతికే శ్రమ కంటే చేసుకునే శ్రమే మేలనిపించింది.

మొదలుపెట్టే ముందు కాగితం మీద వేసుకున్న లెక్క ఒకటి పని ముగిసేదాకా నా వెంటే నడిచింది. మిడి తీగలో సమాచారం సెకనుకు 31,250 బిట్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఒక్కో బైటుకు ముందు ఒక స్టార్ట్ బిట్, తరువాత ఎనిమిది డేటా బిట్లు, చివర ఒక స్టాప్ బిట్ కలిపి పది బిట్లు. బిట్టుకు 32 మైక్రోసెకన్ల చొప్పున బైటుకు 320 మైక్రోసెకన్లు పడుతుంది. నా యంత్రం ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా టీవీ పద్ధతికి చేసిన రకం. దాని ప్రాసెసరు సెకనుకు 10,22,727 సైకిళ్ల (గడియారపు టిక్కుల) వేగంతో నడుస్తుంది. అంటే ఒక బైటు వచ్చి మరొక బైటు వచ్చేలోగా ప్రాసెసరుకు దొరికేది సుమారు 327 సైకిళ్లు. తెర మీద ఒక్కో గీత గీయడానికి 65 సైకిళ్లు పడుతుంది కనుక, ఐదు గీతలు గీసేలోపు ఒక బైటు పని తేలిపోవాలి.

అదనపు చిప్ ఏదీ లేకుండా, వెనుక ఉన్న యూజర్ పోర్టు నుంచి బిట్లను ఒక్కొక్కటిగా ప్రోగ్రాముతోనే చదవవచ్చు కదా అన్న ఆశ నాకూ కలిగింది. ఆ ఆశ ఎక్కువ సేపు నిలవలేదు. తెర మీది అక్షరాలను చూపడానికి వీడియో చిప్ ప్రతి ఎనిమిదో గీత దగ్గరా ప్రాసెసరును పక్కన కూర్చోబెట్టి 40 నుంచి 43 సైకిళ్లు తానే వాడుకుంటుంది. మిడి బిట్టు నిడివి 33 సైకిళ్లు కూడా లేదు. ప్రాసెసరు కళ్లు తెరిచేసరికి ఒక బిట్టు పూర్తిగా దాటిపోయి ఉంటుంది. తెరను ఆపేసి సంగీతం వాయించేవారు ఉండవచ్చు గానీ, ఏ ధ్వని ఎంచుకున్నానో కనబడకుండా వాయించడం నాకు ఇష్టం లేకపోయింది. బిట్లను కూర్చి బైటుగా అందించే పని వేరే చిప్‌కు అప్పగించక తప్పలేదు.

ఆ పనికి మోటరోలా వారి 6850 చిప్‌ను ఎంచుకున్నాను. ఇది 24 పిన్నుల పాత చిప్. ఒకవైపు ప్రాసెసరు డేటా తీగలు, మరోవైపు వరుసగా బిట్లు వచ్చే తీగ, పోయే తీగ ఉంటాయి. దీనికి చిరునామా ఎక్కడ ఇవ్వాలన్నది నా ఇష్టమే అయినా, అప్పట్లో వాడుకలో ఉన్న పాస్‌పోర్ట్ అనే సంస్థ మిడి కార్డు చిరునామాలనే అనుసరించాను. అందులో ఆదేశాలిచ్చే కంట్రోల్, స్థితి చెప్పే స్టేటస్ రెండూ 56840 దగ్గర, డేటా 56841 దగ్గర ఉంటాయి. సొంత చిరునామా పెట్టుకుంటే నా ప్రోగ్రాము మాత్రమే నడుస్తుంది; ఈ చిరునామాలతో అయితే అప్పటి సంగీతం ప్రోగ్రాములు కూడా నా కార్డును తమదే అనుకుంటాయి. కంప్యూటరు తనంతట తానే 56832 నుంచి 256 చిరునామాలకు ఒక ప్రత్యేక ఎంపిక తీగను కార్ట్రిడ్జ్ సందులోకి ఇస్తుంది కనుక చిరునామాను గుర్తించే అదనపు డీకోడింగ్ చిప్ అవసరం పడలేదు. ఆ తీగను చిప్ సెలెక్టు పిన్నుల్లో ఒకదానికి, ఏ3 అడ్రస్ తీగను మరొకదానికి, ఏ0 తీగను రిజిస్టరు ఎంపిక పిన్నుకు కలిపితే సరిపోయింది.

తీగలు కలపడంలో నేను చేసిన పొరపాట్లు రెండే రకాలు: అద్దంలో చూసినట్లు తిరగేసి చూడడం, చూడవలసిన చోట అసలు చూడకపోవడం. కార్ట్రిడ్జ్ సందు 44 పిన్నులది. పైవరుసకు 1 నుంచి 22 దాకా అంకెలు, కింది వరుసకు ఇంగ్లీషు అక్షరాలు. వాటిలో జి, ఐ, ఓ, క్యూ అక్షరాలను వదిలేశారు. ఈ సంగతి మరిచిపోయి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోతే అడ్రస్ తీగలన్నీ ఒకటో రెండో అడుగులు పక్కకు జరుగుతాయి. నేను మొదటిసారి అలాగే జరిపాను. అదృష్టవశాత్తు టంకం పెట్టే ముందు మల్టీమీటరు ఆ తప్పును పట్టించింది. సందులో గుచ్చే భాగానికి, పాడైపోయిన ఒక పాత కార్ట్రిడ్జ్ బోర్డును కోసి, దాని రాగి వేళ్లను వాడుకున్నాను. ఆ వరుసల నాలుగు మూలలా ఉన్న 1, 22, ఎ, జెడ్ పిన్నులు నాలుగూ గ్రౌండే కనుక, మీటరు ఒక మొన మూలలో పెట్టి మిగతా మూలలు తడిమితే బోర్డు సరిగా కుదిరిందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

ఈ కంప్యూటరు పాత కరెంటు పెట్టెల గురించి ఒక్క మాట. అవి ముసలితనంలో 5 వోల్టులకు బదులు అంతకన్నా ఎక్కువ ఇచ్చి, లోపలి మెమరీ చిప్‌లను కాల్చడం తెలిసిన సంగతే. నేను కొత్త బోర్డు గుచ్చే ప్రతిసారీ ముందు వోల్టేజీ కొలిచాను. బోర్డును గుచ్చేటప్పుడూ పీకేటప్పుడూ స్విచ్ ఆపి ఉంచాను. ఈ రెండో నియమాన్ని ఒక్కసారి కూడా తప్పలేదని గర్వంగా చెప్పుకోగలను.

మిడి సాకెట్టుకు ఐదు పిన్నులు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. వాటి క్రమం 1, 2, 3, 4, 5 కాదు; ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3. ముందు నుంచి చూస్తే ఒక దిక్కు, టంకం పెట్టే వెనుక వైపు నుంచి చూస్తే మరో దిక్కు. మిడికి కావలసిన 4, 5 పిన్నులు మధ్య పిన్నుకు అటూ ఇటూ సమాన దూరంలో ఉండడం వల్ల, తిరగేసి కలిపినా చూడ్డానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నేను ఇన్‌పుట్ సాకెట్టును తిరగేసే కలిపాను. మిడిలో సందేశాన్ని మోసేది వోల్టేజీ కాదు, 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు. ఆ కరెంటు ఇన్‌పుట్ వైపున ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీని వెలిగిస్తుంది, ఆ వెలుగును అవతలి ట్రాన్సిస్టరు గ్రహిస్తుంది. రెండు యంత్రాల మధ్య విద్యుత్ బంధం లేకుండా కాంతి ద్వారానే మాట నడుస్తుందన్నమాట. తిరగేసి కలిపితే ఎల్‌ఈడీకి ఎదురు వోల్టేజీ పడుతుంది. దానికి అడ్డంగా పెట్టిన 1ఎన్4148 డయోడు ఆ దెబ్బను తాను కాచుకుంది. పైసా విలువ చేయదనిపించే ఆ డయోడును మొదట పెట్టకుండా వదిలేద్దామనుకున్న సంగతి ఇప్పుడు గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది. ఇన్‌పుట్ సాకెట్టులో 2వ పిన్నును ఎక్కడికీ కలపకూడదన్న నియమం కూడా ఈ విడదీత కోసమే. అక్కడ గ్రౌండు కలిపితే ఆప్టోకప్లర్ పెట్టిన ప్రయోజనం పోయి, ధ్వనిలోకి గుర్రుమనే మోత దిగుతుంది. అవుట్‌పుట్ సాకెట్టులో మాత్రం 2వ పిన్ను గ్రౌండుకు వెళ్లాలి.

అవుట్‌పుట్ వైపు పని తేలికగానే అయిపోయింది. 6850 పిన్ను 5 మిల్లీ ఆంపియర్లను నేరుగా మోయలేదు కనుక, 74హెచ్‌సీ04 చిప్‌లోని రెండు ఇన్వర్టర్లను (సంకేతాన్ని తలకిందులు చేసే భాగాలను) ఒకదాని వెనుక ఒకటి పెట్టి వాటి ద్వారా 220 ఓమ్‌ల రెసిస్టరుతో 5వ పిన్నుకు, 5 వోల్టుల నుంచి మరో 220 ఓమ్‌లతో 4వ పిన్నుకు కలిపాను.

తొలి పరీక్షకు బేసిక్ భాషే చాలు. 56840లో 3 పోక్ చేస్తే, అంటే ఆ చిరునామాలో 3 రాస్తే, 6850 తనను తాను రీసెట్ చేసుకుంటుంది. తరువాత 21 పోక్ చేస్తే ఎనిమిది బిట్లు, పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్టు) లేదు, ఒక స్టాప్ బిట్, క్లాకును 16తో భాగించడం అనే ఏర్పాటు కుదురుతుంది. ఆ తరువాత అదే చిరునామాను పీక్ చేస్తే (చదివితే) 2 రావాలి. 'పంపడానికి సిద్ధం' అని దానర్థం. నాకు 8 వచ్చింది. చిప్ బతికే ఉంది, మాట్లాడుతోంది, కానీ సిద్ధంగా లేనంటోంది. 8 అంటే ఏమిటో పట్టికలో చూస్తే, మోడెముల కాలపు 'పంపడానికి అనుమతి' తీగ ఎత్తులో ఉందని తేలింది. 6850ను మోడెములతో వాడేందుకు చేశారు. మిడిలో అటువంటి తీగలు లేవు కనుక 23, 24 పిన్నులను గ్రౌండుకు కట్టేయాలి. నేను కట్టాననే అనుకున్నాను. భూతద్దంతో చూస్తే 24వ పిన్ను చుట్టూ టంకం ఉంగరంలా నిలిచి ఉంది గానీ పిన్నును అంటుకోలేదు. మళ్లీ వేడి చేశాక 2 వచ్చింది. ఆ అంకెను చూసిన సంతోషం, తరువాత విన్న మొదటి స్వరం ఇచ్చిన సంతోషానికి ఏమీ తీసిపోలేదు.

అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒకే మిడి తీగ పెట్టి, పంపినదే తిరిగి వస్తోందా అని చూసే లూప్‌బ్యాక్ పరీక్ష చేశాను. 85 పంపితే 85, 170 పంపితే 170 వచ్చాయి. అంతటితో ఆగకుండా, తప్పును కావాలని పిలిచి చూద్దామనిపించింది. 6850 దగ్గర అందిన బైటును దాచుకునే స్థలం ఒక్కటే. దాన్ని చదవకుండా మరో బైటు వస్తే, ఆ రెండోది పోయి, మొదటిది చదివాక స్టేటస్‌లో ఓవర్‌రన్ గుర్తు కనిపించాలి. నేను 85 పోక్ చేసి, చదవకుండా, కొంత ఆగి 170 పోక్ చేశాను. పుస్తకం ప్రకారం మొదట 85 రావాలి. నాకు 170 వచ్చింది, ఓవర్‌రన్ గుర్తు లేనే లేదు. చదవని 85 ఎటు పోయినట్టు?

రెండు సాయంత్రాలు తిన్న ఈ చిక్కుకు జవాబు ప్రాసెసరు నడకలో ఉంది. బేసిక్‌లోని పోక్, మెమరీలో ఉంచిన చిరునామాకు వై రిజిస్టరును కలిపి రాసే రకం ఆదేశాన్ని వాడుతుంది. ఈ కంప్యూటరులో ఉన్న 6502 కుటుంబపు ప్రాసెసరు ఆ రకం ఆదేశంలో రాయడానికి ఒక సైకిలు ముందు అదే చిరునామాను ఉత్తినే ఒకసారి చదువుతుంది. మామూలు మెమరీ అయితే ఆ చదువు వల్ల ఎవరికీ నష్టం లేదు. 6850 డేటా చిరునామాను చదవడమంటే మాత్రం, వచ్చిన బైటును తీసుకున్నానని సంతకం పెట్టడమే. 170ను పంపబోతూ పోక్ తనకు తెలియకుండానే 85ను తీసి పారేసింది. బేసిక్‌లో ఒకేసారి పంపుతూ, అందుకుంటూ ఉండేవారికి బైట్లు ఎందుకు మాయమవుతాయో ఆ రోజు అర్థమైంది. మెషిన్ లాంగ్వేజిలో రాసేటప్పుడు నేరుగా చిరునామాకు రాసే ఆదేశాన్నే వాడాలని, ఇండెక్సు (వై వంటి రిజిస్టరును కలపడం) జోలికి పోకూడదని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

అసలు కష్టం నిజమైన కీబోర్డును కలిపాక మొదలైంది. లూప్‌బ్యాక్‌లో వెయ్యిసార్లు పంపినా ఒక్క తప్పు రాని బోర్డు, కీబోర్డు నుంచి వచ్చేదాన్ని సగం కూడా సరిగా చదవలేదు. కొద్ది బైట్లను మెమరీలో దాచి తరువాత తెర మీద చూపే చిన్న మెషిన్ లాంగ్వేజి ప్రోగ్రాము రాసి చూశాను. మీట నొక్కినప్పుడు మొదట రావలసినది 144, అంటే మొదటి ఛానెల్‌లో స్వరం మొదలు. నాకు చాలాసార్లు 16 వచ్చింది. స్వరాల అంకెల దగ్గర ఫ్రేమింగ్ లోపం గుర్తు, అంటే స్టాప్ బిట్టు ఉండవలసిన చోట కనబడలేదన్న గుర్తు, కనిపించింది. విచిత్రంగా, తాను బతికే ఉన్నానని కీబోర్డు అప్పుడప్పుడూ పంపే 254 మాత్రం ప్రతిసారీ నిక్షేపంగా వచ్చింది.

ఇక్కడ నా పొదుపు గురించి ఒప్పుకోవాలి. 6850కు బయటి నుంచి ఒక క్లాకు కావాలి. సరైన క్లాకు 5,00,000 హెర్ట్జ్; దాన్ని చిప్ 16తో భాగిస్తే 31,250 వస్తుంది. క్లాకు పుట్టించే ఆసిలేటరు ఒకటి ఎందుకు దండగని, కార్ట్రిడ్జ్ సందులోనే దొరికే ప్రాసెసరు క్లాకును రెండుతో భాగించి వాడాను. దానివల్ల వచ్చేది సుమారు 31,960. మిడి ప్రమాణం ఒక శాతం తేడాను ఒప్పుకుంటుంది. నాది రెండు శాతం దాటింది. అయినా లూప్‌బ్యాక్ పరీక్ష నెగ్గింది కదా అన్న ధీమాతో ఉన్నాను. ఆసిలోస్కోపు అరువు ఇవ్వడానికి వచ్చిన మిత్రుడు ఆ మాట విని నవ్వాడు. "లూప్‌బ్యాక్ అంటే నీ మాట నువ్వే వినడం కదరా! నీ గడియారం తప్పని నీకు నువ్వే ఎలా చెప్పుకుంటావు?"

స్కోపు తెర మీద రెండో దోషి కూడా కనిపించింది. నేను వాడిన 6ఎన్138 ఆప్టోకప్లర్ కిందికి దిగడం చురుకుగానే దిగుతోంది గానీ, పైకి లేవడానికి సుమారు 10 మైక్రోసెకన్లు బద్ధకిస్తోంది. ప్రమాణం కోరేది 2 మైక్రోసెకన్లలోపు. లోపలి ట్రాన్సిస్టరులో చేరిన విద్యుదావేశం బయటికి పోవడానికి 7వ పిన్ను నుంచి గ్రౌండుకు ఒక రెసిస్టరు పెట్టాలి. నేను ఆ పిన్నును ఖాళీగా వదిలేశాను.

రెండు లోపాలను కలిపి లెక్క వేస్తే 144 ఎందుకు 16 అయిందో కళ్లకు కట్టింది. 6850 ఒక్కో బిట్టునూ దాని నడుమ, అంటే మొదలైన 16 మైక్రోసెకన్లకు చూస్తుంది. నా క్లాకు వేగం ఎక్కువ కనుక ప్రతి బిట్టుకూ 0.7 మైక్రోసెకన్లు ముందుకు జరుగుతూ, చివరి డేటా బిట్టు దగ్గరకు వచ్చేసరికి 6 మైక్రోసెకన్లు తొందరపడి, ఆ బిట్టు మొదలైన 10 మైక్రోసెకన్లకే చూసేస్తోంది. సరిగ్గా ఆ 10 మైక్రోసెకన్లూ ఆప్టోకప్లర్ లేవడానికి పడుతున్న సమయం. మిడిలో బిట్లు చిన్న స్థానం నుంచి పెద్ద స్థానానికి వరుసగా వస్తాయి. 144లో చివరి బిట్టుకు ముందు రెండు సున్నాలు, చివర ఒకటి. ఆ ఒకటి లేచి నిలబడేలోపే 6850 చూసి సున్నా అనుకునేది, 128 రాలిపోయి 16 మిగిలేది. స్వరాల అంకెలన్నిటికీ చివరి డేటా బిట్టు సున్నాయే కనుక, వాటి వెనుక వచ్చే స్టాప్ బిట్టు లేవడం ఆలస్యమై ఫ్రేమింగ్ లోపం చూపేది. 254లో మొదటి బిట్టు ఒక్కటే సున్నా, తరువాతివన్నీ ఒకట్లే; లేవవలసినది ఏదో గడియారం ఇంకా దారి తప్పని మొదట్లోనే లేచేసింది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ రాలేదు. లూప్‌బ్యాక్‌లో రెండు వైపులా ఒకే గడియారం కనుక, ఆప్టోకప్లర్ ఎంత బద్ధకించినా 16 మైక్రోసెకన్ల వెసులుబాటులో ఇమిడిపోయింది.

రెంటిలో ఏ ఒక్కటి సరిచేసినా పని జరిగేదేమో గానీ, రెండూ సరిచేశాను. 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు పెట్టి, 74హెచ్‌సీ393తో దాన్ని ఎనిమిదితో భాగించి 6850కు ఇచ్చాను. ఆప్టోకప్లర్ 7వ పిన్నుకు 10 కిలో ఓమ్‌లు, అవుట్‌పుట్‌కు దాన్ని పైకి లాగే 470 ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టరు పెట్టాను. ఆ రాత్రి నుంచి ఇవాళ్టి వరకు ఒక్క ఫ్రేమింగ్ లోపం కూడా రాలేదు.

బైట్లు సరిగా వస్తున్నాయి కనుక ఇక మిగిలింది వాటిని సిడ్‌కు చేర్చడమే అనుకున్నాను. సిడ్‌లో 440 హెర్ట్జ్ స్వరానికి నా యంత్రంలో 7218 అనే అంకె రాయాలి. అది రెండు బైట్లుగా 54272లో 50, 54273లో 28. దానికి ఒక ఆక్టేవు పైకి వెళ్లాలంటే అంకెను రెట్టింపు చేయాలి. 16 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె 65,535, అంటే దాదాపు 3,995 హెర్ట్జ్. మిడి స్వరాల్లో 107వది 3,951 హెర్ట్జ్ కనుక అక్కడి దాకా పడుతుంది, 108వది పట్టదు. 96 నుంచి 107 వరకు పన్నెండు స్వరాలకు పట్టిక రాసి, కింది ఆక్టేవులకు ఆ అంకెలను సగం చేసుకుంటూ పోయే పద్ధతి పెట్టాను. పన్నెండు అంకెలతో కీబోర్డంతా అయిపోవడం ఈ పనిలో నాకు చిక్కులు పెట్టని ఏకైక ఘట్టం.

మూడు గొంతుల్లో ఏ స్వరానికి ఏది ఇవ్వాలన్న పంపకం కూడా రాసి వాయిస్తే, చక్కగా పలికింది. అయితే కొన్నిసార్లు ఒక స్వరం ఎంతకీ ఆగకుండా మోగుతూ ఉండిపోయేది. మీట వదిలిన సందేశం ఎక్కడో పోతోందన్నమాట. ఎప్పుడు పోతోందో గమనించగా, వాయిస్తూ ఉండగానే ధ్వని మార్చడానికి కంప్యూటరు మీట నొక్కినప్పుడే అలా జరుగుతోందని తెలిసింది. కంప్యూటరు తన మీటలను చూసుకోవడానికి సెకనుకు 60 సార్లు చేతిలో పని ఆపి ఒక ఇంటరప్ట్ రొటీను నడుపుతుంది. ఏ మీటా నొక్కకపోతే అది త్వరగా తిరిగి వస్తుంది. ఏదైనా నొక్కి ఉంటే 64 మీటలనూ వరుసగా వెతుకుతుంది, అప్పుడు 327 సైకిళ్లు ఎప్పుడో దాటిపోతాయి. ఆ వెతుకులాటలో వచ్చిన బైటు ఓవర్‌రన్‌కు బలి అవుతోంది.

6850 ఇంటరప్ట్ పిన్నును ఎన్‌ఎంఐ తీగకు, అంటే ప్రాసెసరు కాదనలేని ఇంటరప్ట్ తీగకు, కలిపితే ఎవరూ ఆపలేరు కదా అనిపించింది గానీ, ఆ తీగ స్థాయిని కాక, పైనుంచి కిందికి దిగే అంచును మాత్రమే గుర్తిస్తుంది. ఒక్కసారి ఆ అంచు తప్పిపోయి తీగ కిందనే ఉండిపోతే, ఇక ఎప్పటికీ పిలుపు రాదు. అందుకని మామూలు ఇంటరప్ట్‌కు ఉన్న ఐఆర్‌క్యూ తీగకే కలిపి, 56333లో 127 రాసి మీటలు చూసే ఇంటరప్ట్‌ను పూర్తిగా ఆపేశాను. ఇంటరప్ట్ ఇప్పుడు 6850 ఒక్కదానిదే. రొటీను చేసేది కూడా చాలా తక్కువ: బైటును తీసుకుని 256 బైట్ల వరుసలో పెట్టి వెనక్కి రావడమే. ఎనిమిది బిట్ల లెక్క 255 తరువాత తనంతట తానే సున్నాకు తిరుగుతుంది కాబట్టి, వరుస చివర వచ్చిందా అని చూసుకునే పని కూడా లేదు. మీటలు వెతికే పనిని మెయిన్ ప్రోగ్రాము తీరిక ఉన్నప్పుడు తానే పిలుచుకుంటుంది. ఆ మధ్యలో బైటు వస్తే ఇంటరప్ట్ దూరి తీసుకుపోతుంది. మోగుతూ ఉండిపోయే స్వరాలు అంతటితో ఆగాయి.

చివరి వింత ప్రోగ్రాము నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎదురైంది. రన్‌స్టాప్, రిస్టోర్ మీటలు కలిపి నొక్కితే తెర తుడుచుకుపోయి, 'రెడీ' అనే మాట ఎవరో ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తున్నట్లు నింపాదిగా వచ్చింది, దాని కింద కర్సరు కంటికి ఆనని వేగంతో వణకసాగింది. కంప్యూటరు చెడిపోయిందని ఒక్క క్షణం గుండె జారిపోయింది. జరిగింది ఇది: ప్రోగ్రాము పోయింది గానీ 6850కు ఆ సంగతి తెలియదు. కీబోర్డు నుంచి వచ్చిన 254ను పట్టుకుని, తీసుకొమ్మని ఐఆర్‌క్యూ తీగను కిందికి లాగి ఉంచింది. కంప్యూటరు సొంత రొటీనుకు 6850 ఎవరో తెలియదు. మీటలు చూసి, కర్సరు లెక్క ఒకటి తగ్గించి వెనక్కి వస్తుంది, ఒక్క ఆదేశం నడిచేలోపు మళ్లీ అదే పిలుపు. 6850కు రీసెట్ పిన్ను లేదు, అందువల్ల కంప్యూటరును రీసెట్ చేసినా దాని పట్టు వదలదు. రిస్టోర్ మీట వెళ్లే దారిని 792, 793 చిరునామాల దగ్గర నా రొటీనుకు మళ్లించి, అక్కడ మొదట 56840లో 3 రాసి, ఆ తరువాతే కంప్యూటరు దారిన దాన్ని వదిలాను.

74హెచ్‌సీ04లో ఉన్న ఆరు ఇన్వర్టర్లలో రెండే వాడాను. మరో రెంటితో, వచ్చిన సందేశాన్ని వచ్చినట్లే ముందుకు పంపే మిడి త్రూ సాకెట్టు పెట్టవచ్చు. పెట్టె వెనుక పలకకు దానికోసం మూడో రంధ్రం కూడా చేసి ఉంచాను. ప్రస్తుతానికి దుమ్ము పోకుండా ఆ రంధ్రానికి నల్ల టేపు అతికించి ఉంది. వాడని నాలుగు ఇన్వర్టర్ల ఇన్‌పుట్‌లనూ గ్రౌండుకు కట్టేశాను.